‘వాడొద్దు’ అని ఎవరికి చెప్తున్నాం?

ఈ మధ్య ఏ స్త్రీల పేజీ తిప్పినా ఒక సలహా కనిపిస్తోంది. పారాబెన్లున్న క్రీములు వాడొద్దు, థాలేట్లున్న సెంట్లు వాడొద్దు, ట్రైక్లోసాన్ సబ్బులు వాడొద్దు, లేబుల్ చదివి కొనుక్కోండి అని. సలహా తప్పేమీ కాదు. హార్మోన్ల పనిని చెడగొట్టే రసాయనాలు ఒంటికి ఎంత దూరంగా ఉంటే అంత మంచిది. కానీ కడపలో పుట్టి కర్నూలులో పెరిగిన నాకు అది చదివినప్పుడల్లా ఒకటే అనుమానం వస్తుంది. ఈ మాట ఎవరికి చెప్తున్నారు?

‘వాడొద్దు’ అన్న మాట పాటించాలంటే మూడు ఉండాలి. అందులో ఏముందో తెలియాలి. వద్దనుకునే స్వేచ్ఛ ఉండాలి. బదులుగా ఇంకొకటి కొనే డబ్బుండాలి. మా సీమ ఆడవాళ్ళకు ఈ మూడూ ఏ కాలంలో ఏ మేరకు ఉన్నాయో తెలుసుకోవాలంటే ఒంటికి పూసుకునే వస్తువుల చరిత్ర కొంత తిరగేయాలి. రాజుల చరిత్రలో ఇది ఉండదు. వంటింటి గూట్లో, సంతలో, పెళ్ళిచూపుల చాప మీద ఉంటుంది.

ముందు ఆ రసాయనాల సంగతి చెప్పుకుందాం. 1991 జులైలో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో, వింగ్‌స్ప్రెడ్ అనే చోట 21 మంది శాస్త్రవేత్తలు కూర్చున్నారు. వాళ్ళను ఒకచోటికి చేర్చిన మనిషి థియో కోల్‌బోర్న్. యాభై ఎనిమిదో ఏట డాక్టరేట్ పుచ్చుకున్న స్త్రీ. అక్కడి మహా సరస్సుల చుట్టూ పక్షుల పిల్లలు సరిగా ఎదగకపోవడానికి కారణం వెతుకుతూ, మనుషులు తయారుచేసిన కొన్ని రసాయనాలు శరీరంలో హార్మోన్లలా నటిస్తున్నాయనే చోటికి వచ్చింది. ‘ఎండోక్రైన్ డిస్రప్షన్’ అన్న మాట ఆ సమావేశంలోనే పుట్టింది. 1996లో ఆమె మరో ఇద్దరితో కలిసి రాసిన ‘అవర్ స్టోలెన్ ఫ్యూచర్’ ఆ మాటను మామూలు జనం దాకా తెచ్చింది.

హార్మోను అంటే శరీరంలో ఒక అవయవం ఇంకొక అవయవానికి పంపే కబురు. చాలా తక్కువ మోతాదులోనే పెద్ద పని చేస్తుంది. క్రీములు చెడిపోకుండా కలిపే పారాబెన్లు ఈస్ట్రోజెన్‌కు బలహీనమైన నకలులా పనిచేస్తాయి. సువాసన ఎక్కువసేపు నిలవడానికి వాడే థాలేట్లలో కొన్ని మగ హార్మోన్ల పనికి అడ్డుపడతాయి. సీసం, పాదరసం వంటి లోహాలు కూడా హార్మోన్ల పనిని తారుమారు చేస్తాయి. మోతాదెంత అన్నది ఎంత ముఖ్యమో, ఏ వయసులో అన్నదీ అంతే ముఖ్యం. కడుపులో బిడ్డకు, చంటిపిల్లకు, పెద్దమనిషి కాబోయే పిల్లకు తగిలే దెబ్బ వేరు.

ఇందులో తేలినవీ ఉన్నాయి, తేలనివీ ఉన్నాయి. 2004లో ఇంగ్లండులో ఫిలిప్పా డార్బర్ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు 20 రొమ్ము కణితుల్ని పరీక్షించి వాటిలో పారాబెన్లు ఉన్నాయని చూపించారు. దానివల్లే క్యాన్సర్ వచ్చిందని ఆ పరిశోధన రుజువు చేయలేదు. ఒంటికి పూసిన ఇలాంటి పదార్థం లోపలికి చేరి నిలవగలదన్న ప్రశ్నను మాత్రం గట్టిగా ముందుకు తెచ్చింది. యూరప్ దేశాలు పూర్తి రుజువు కోసం ఎదురుచూస్తూ కూర్చోలేదు. 2004లో సౌందర్య సాధనాల్లో కొన్ని థాలేట్లనూ, 2014లో ఐదు రకాల పారాబెన్లనూ నిషేధించాయి. అక్కడ ‘వాడొద్దు’ అన్నది కొనే మనిషికి కాదు, తయారుచేసేవాడికి.

ఇప్పుడు మా ఊళ్ళ సంగతి. 1860లలో తుంగభద్ర నుంచి తవ్విన కర్నూలు-కడప కాలువ కింద మైదుకూరు ప్రాంతంలో పసుపు పండింది. కడప మార్కెట్ పసుపుకు పేరు. శేషాచలం, లంకమల కొండల ఎర్రచందనం ప్రపంచమంతా తిరుగుతుంది గాని, అక్కడి పల్లెల్లో అది సానరాయి మీద అరగదీసి ముఖానికి పట్టించే రక్తచందనం. తలకు కుంకుడుకాయ, సీకాయ. ఒంటికి సున్నిపిండి. జుట్టుకు ఆముదం, కళ్ళకు ఆముదం దీపం మసితో కాటుక. సగ్గుబియ్యం నల్లగా మాడ్చి, కొబ్బరిచిప్పలో ఆరబెట్టిన చాదు బొట్టు. పసుపుకు సున్నం, నిమ్మరసం కలిపి ఎర్రబరిచిన కుంకుమ. ఇవన్నీ ఆడవాళ్ళ చేతుల్లో తయారైనవి. ఏది ఎందులో కలిసిందో పూసుకునే మనిషికే తెలుసు. నేను చెప్పిన మూడింటిలో మొదటిది, అంటే తెలియడం, ఆనాడు ఉంది.

అలాగని అదొక బంగారు కాలమని నేననను. కాటుకలో మసి మసే. కంటికి పెట్టే సుర్మా చాలాసార్లు సీసం ఖనిజాన్ని నూరిన పొడి. కడప కొండల్లో జంగంరాజుపల్లె దగ్గర సీసం తవ్విన పాత గుంతలున్నాయి. ప్రకృతి ఇచ్చింది కాబట్టి మంచిదే అనుకుంటే సీసం కూడా ప్రకృతే ఇచ్చింది. అంతకంటే పెద్ద విషయం, పూసుకునే హక్కు అందరికీ లేదు. పసుపు, కుంకుమ, పూలు ముత్తైదువకు తప్పనిసరి. భర్త పోయిన రోజున అవే నిషిద్ధం. అంటే మన దగ్గర అలంకారం ఎప్పుడూ ఇష్టం కాదు. ఒకరికి ఆజ్ఞ, ఇంకొకరికి శిక్ష. ‘వద్దనుకునే స్వేచ్ఛ’ అన్న రెండోది ఆ బంగారు కాలంలోనూ లేదు.

తర్వాత డబ్బాలు వచ్చాయి. 1919లో బొంబాయిలో ఇ.ఎస్. పటన్‌వాలా అఫ్ఘాన్ స్నో తయారుచేశాడు. ‘స్నో’ అన్న మాట తెలుగు ఇళ్ళలో ముఖానికి రాసే తెల్ల క్రీముకు పేరైపోయింది. 1952లో టాటాల లాక్మే. 1975లో ఫెయిర్ అండ్ లవ్లీ. ప్రభుత్వం 1940 నాటి మందుల చట్టంలో సౌందర్య సాధనాల్ని చేర్చింది 1962లో. అప్పటి వరకు ముఖానికి రాసే వస్తువు గురించి అడిగే చట్టం ఈ దేశంలో ప్రత్యేకంగా లేదన్నమాట. మందుకు ఉన్న కట్టుదిట్టం ఆ తర్వాత కూడా క్రీముకు రాలేదు.

ఈ మార్పుల్లో నాకు అన్నిటికంటే ఎక్కువ చెప్పాలనిపించేది బొట్టు కథ. కుంకుమ చెమటకు కారిపోతుంది. సీమ ఎండల్లో పొలం పనికి పోయే మనిషికి అది నిలవదు. మైనం రాసి దానిమీద కుంకుమ అద్దడం, సీసాలో తిలకం, ఆ తర్వాత స్టిక్కరు. పెట్టుకోవడం తేలిక, చెరగదు, చవక. ఆ బిళ్ళ వెనక ఉన్న జిగురు గురించి ఎవరూ అడగలేదు. కొన్ని జిగుర్లలో పారా టెర్షరీ బ్యూటైల్ ఫినాల్ అనే పదార్థం విడిగా మిగిలి ఉంటుంది. చర్మానికి రంగునిచ్చే కణాలు దాన్ని తమకు కావలసిన ముడిసరుకే అనుకుని లోపలికి తీసుకుని చచ్చిపోతాయి. బొట్టు పెట్టిన చోట, సరిగ్గా బిళ్ళంత మేర, తెల్లమచ్చ పడుతుంది. 1990లో చర్మవైద్యుడు ఎ.కె. బజాజ్, ఆయన సహచరులు ఈ జిగురు పదార్థాన్నే కారణంగా చూపిస్తూ రాశారు. చాలా ఏళ్ళకు, 2019లో, యూరప్ రసాయనాల సంస్థ అదే పదార్థాన్ని మరో కారణంతో ప్రమాదకరమైన వాటి జాబితాలో చేర్చింది. నీళ్ళలోకి చేరితే అక్కడి జీవుల హార్మోన్లను చెడగొడుతుందని. మన ఆడవాళ్ళు నుదుటి మీద పగలూ రాత్రీ అంటించుకున్నది దాన్ని.

మా మేనత్తకు అలా మచ్చ వచ్చింది. డాక్టరు స్టిక్కరు మానమన్నాడు. మానింది. వారం తిరక్కుండానే వీధిలో ప్రశ్నలు మొదలైనాయి. ఆమె నాతో అన్న మాట ఇది: “బొట్టు తీసేస్తే మొగుడు సచ్చినట్టుందంటారు. పెట్టుకుంటే మచ్చ పెద్దదైతాది. బొల్లని చెప్పుకుంటారు, ఇంట్లో పెండ్లికి ఉండే పిల్ల ఉంది. యాడికి పోయేది పాపా నేను?” డాక్టరు చెప్పింది సరైన వైద్యమే. కానీ ‘మానెయ్యి’ అన్న ఆ ఒక్క మాట వెనక మామామ ఉంది, వీధి ఉంది, కూతురి పెళ్ళి ఉంది. చివరికి ఆమె కుంకుమకు మళ్ళింది. దగ్గరలో పుణ్యక్షేత్రం ముందు కుప్పలుగా పోసి అమ్మే కుంకుమ. అది పసుపుతో చేసిందో, రంగుతో చేసిందో చెప్పే కాగితం ఆ కుప్ప మీద ఉండదు.

ఆ అనుమానం ఊరికే కాదు. 2017లో అమెరికాలోని రట్గర్స్ విశ్వవిద్యాలయం వాళ్ళు న్యూజెర్సీ, ముంబై, ఢిల్లీ దుకాణాల్లో కొన్న 118 సిందూరం నమూనాలు పరీక్షిస్తే ఇంచుమించు 80 శాతంలో సీసం కనిపించింది. దాదాపు మూడోవంతు నమూనాల్లో అమెరికా నిర్ణయించిన హద్దు కంటే ఎక్కువే ఉంది. రంగు కోసం సీసం, ఆర్సెనిక్ పదార్థాలు వాడకూడదని మన నిబంధనల్లో స్పష్టంగానే ఉంది. నిబంధన పుస్తకంలో ఉంది, కుప్ప బజారులో ఉంది. రెండూ కలుసుకోవు.

ఇక లేబుల్ చదవమనే సలహా. దీన్ని గురించి రాయడానికే నేను నిజానికి ఈ వ్యాసం మొదలుపెట్టాను. 1980లలో తమిళనాడు నుంచి షాంపూ పొట్లాలు వచ్చాయి. కడలూరులో 1983లో మొదలైన చిక్ వాటిలో పేరున్నది. సీసా కొనలేని మనిషికి అర్ధరూపాయికి, రూపాయికి తలంటు దొరికింది. కుంకుడుకాయలు కొట్టి, నానబెట్టి, పిసికి, ఆ నురుగు కళ్ళలో పడి మండే శ్రమ తప్పింది. కూలికి పోయే మనిషికి అది చిన్న మేలు కాదు. దాన్ని ఎగతాళి చేసేవాళ్ళు కుంకుడుకాయలు ఎప్పుడూ కొట్టి ఉండరు. తర్వాత క్రీము, పౌడరు, తలనూనె అన్నీ పొట్లాల్లోకి వచ్చాయి. ఆదోని సంతలోనైనా, జమ్మలమడుగు కిరాణా కొట్లోనైనా ఇప్పుడు దండలుగా వేలాడేవి అవే.

మన నిబంధనల ప్రకారం సౌందర్య సాధనం మీద అందులో ఏమేం కలిపారో వరుసగా రాయాలి. పాత నిబంధనల్లోనూ, వాటి స్థానంలో వచ్చిన 2020 నాటి కాస్మెటిక్స్ రూల్స్‌లోనూ ఇది ఉంది. దాని కిందే ఒక మినహాయింపు కూడా ఉంది. ద్రవమైతే 60 మిల్లీలీటర్ల లోపు, ఘనమైతే, ముద్దలాంటిదైతే 30 గ్రాముల లోపు ప్యాకింగు మీద ఆ జాబితా రాయనక్కర్లేదు. పొట్లం అన్నది ఎప్పుడూ ఆ హద్దు లోపలిదే. అంటే ఏమైంది? సీసా కొనే మనిషికి తెలుసుకునే హక్కుంది, పొట్లం కొనే మనిషికి లేదు. రాసినా అది ఇంగ్లీషులో, చీమ తలకాయంత అక్షరాల్లో. అందులోనూ సువాసనకు వాడే పదార్థాలన్నీ ‘పర్‌ఫ్యూమ్’ అన్న ఒక్క మాట వెనక దాక్కుంటాయి. థాలేట్లు సాధారణంగా ఉండేది అక్కడే. చదువుకున్న నేను భూతద్దం పెట్టుకుని చదివినా ఆ ఒక్క మాట దగ్గర ఆగిపోతాను. పేదరికానికీ అజ్ఞానానికీ ముడిపెట్టి మాట్లాడటం మనకు అలవాటు. ఇక్కడ ఆ అజ్ఞానం ఆమెది కాదు. నిబంధనే దాన్ని తయారుచేసింది.

మూడోది తెలుపు. ‘పిల్ల చామనచాయ’ అన్న మాట విన్నాక కట్నం లెక్క మారే చోట ఫెయిర్‌నెస్ క్రీము సరదా వస్తువు కాదు. తల్లి దృష్టిలో అది పెట్టుబడి. 2020 జులైలో ఫెయిర్ అండ్ లవ్లీ తన పేరులోంచి ‘ఫెయిర్’ తీసేసి గ్లో అండ్ లవ్లీ అయ్యింది. పెళ్ళిచూపులు మాత్రం పేరు మార్చుకోలేదు. చర్మాన్ని వేగంగా తెల్లబరచడానికి కొందరు తయారీదారులు కలిపేది పాదరసం. 2014లో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 32 ఫెయిర్‌నెస్ క్రీములు పరీక్షిస్తే 14 క్రీముల్లో పాదరసం బయటపడింది. కేరళలోని కొట్టక్కల్‌లో ఒక ఆసుపత్రి వైద్యులు 2021 జులై నుంచి 2023 సెప్టెంబరు దాకా ఒక రకం మూత్రపిండాల జబ్బుతో వచ్చిన 22 మందిని పరిశీలించారు. వాళ్ళలో 15 మందిలో అరుదైన ఒకే లక్షణం కనిపించింది. ఆ 15 మందిలో 13 మంది తెల్లబరిచే క్రీములు వాడినవాళ్ళే. మా కడప, రాయచోటి, రాజంపేట వైపు నుంచి వేల మంది ఆడవాళ్ళు కువైటుకు ఇంటిపనికి పోతారు. వాళ్ళ సూట్‌కేసుల్లో చెల్లెళ్ళకు, కూతుళ్ళకు వచ్చే కానుకల్లో తయారీదారు చిరునామా లేని క్రీము డబ్బాలు నేను చూశాను. ప్రేమతో తెచ్చినదాన్ని పారేయమని ఎలా చెప్పడం?

తెలిస్తే మానేయగలరా అన్న ప్రశ్నకు ఒక మంచి జవాబు కాలిఫోర్నియాలోని సాలినాస్ లోయలో దొరికింది. అది పొలం కూలీల ఊరు. బర్కిలీ విశ్వవిద్యాలయానికి చెందిన కిమ్ హార్లే బృందం, అక్కడి టీనేజి పిల్లల్నే పరిశోధకులుగా కలుపుకుని, 100 మంది ఆడపిల్లలకు ఈ రసాయనాలు లేని సబ్బు, షాంపూ, క్రీములు ఇచ్చింది. మూడే మూడు రోజులు. మూత్రంలో మిథైల్ పారాబెన్ 44 శాతం, ట్రైక్లోసాన్ 36 శాతం, సువాసనల్లో వాడే థాలేటు ఆనవాళ్ళు 27 శాతం తగ్గాయి. 2016లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. అంటే మానేస్తే లాభం ఉంది, త్వరగా ఉంది. కానీ ఆ మూడు రోజులూ ఆ పిల్లల కోసం ఎవరో లేబుళ్ళు చదివారు, ఎవరో డబ్బు పెట్టారు.

సాలినాస్ పేరు చదివినప్పుడు నాకు కర్నూలు జిల్లా పత్తి విత్తనాల చేలు గుర్తొచ్చాయి. సంకర విత్తనం కోసం పువ్వు పువ్వునూ చేత్తో విప్పి పుప్పొడి అద్దే ‘క్రాసింగ్’ పనికి చిన్న ఆడపిల్లల్నే పెట్టుకునేవాళ్ళు. 2000ల మొదట్లో దావులూరి వెంకటేశ్వర్లు చేసిన అధ్యయనాలు మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల్లో ఈ పిల్లల బతుకును లోకానికి చూపించాయి. పురుగుమందు కొట్టిన చేలో, పువ్వుల మధ్య, రోజంతా. అప్పట్లో పత్తికి విరివిగా వాడిన ఎండోసల్ఫాన్ హార్మోన్లను చెడగొట్టే మందు. దాన్ని సుప్రీంకోర్టు ఆపింది 2011 మేలో. అంతకుముందు పెద్దమనుషులైన పిల్లల చర్మానికి ఏ లేబుల్ ఉంది? ఏ పత్రిక వాళ్ళకు ‘దూరంగా ఉండండి’ అని సలహా ఇచ్చింది? చర్మం గురించి మాట్లాడేటప్పుడు క్రీము రాసుకునే చర్మాన్నే కాదు, పని చేసే చర్మాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

‘కలపొద్దు’ అంటే జరుగుతుందా అని అడిగేవాళ్ళకు పసుపు కథే జవాబు. బంగ్లాదేశ్ పల్లెల్లో గర్భిణుల రక్తంలో సీసం ఎందుకంత ఉందో వెతుకుతూ పోయిన జెన్నా ఫోర్సిత్ అనే పరిశోధకురాలి బృందం చివరికి పసుపు దగ్గర తేలింది. కొమ్ములకు పచ్చని మెరుపు రావడానికి మెరుగుపెట్టే చోట లెడ్ క్రోమేటు రంగు చల్లుతున్నారు. 2019లో అక్కడి ప్రభుత్వం బజారుల్లో, మిల్లుల్లో తనిఖీలు చేసింది, జరిమానాలు వేసింది, పత్రికలు రాశాయి. 2019లో బజారు పసుపు నమూనాల్లో 47 శాతంలో ఉన్న సీసం 2021 నాటికి సున్నాకు వచ్చింది. ఏ ఇల్లాలికీ పసుపు మానమని చెప్పనక్కర్లేకపోయింది. రెండేళ్ళు చాలాయి.

అంతవరకు ఏమీ చేయకుండా కూర్చోమని నేననడం లేదు. చేతిలో ఉన్నవి కొన్ని ఉన్నాయి. స్టిక్కరు రాత్రి తీసి పడుకోవడం, దురద పెడితే ఆ రకం మానేయడం. పసిపిల్లల కళ్ళకు బజారు కాటుక, సుర్మా పెట్టకపోవడం. తయారీదారు పేరూ చిరునామా లేని తెల్లబరిచే క్రీము ఎవరిచ్చినా ముట్టకపోవడం. వాసన లేనిది దొరికితే అది తీసుకోవడం. కడుపుతో ఉన్నప్పుడు, పిల్ల ఎదిగే వయసులో పూతలు తగ్గించుకోవడం. ఇవి ఖర్చులేనివి కాబట్టి చెప్తున్నాను.

కానీ సంఘాలుగా మనం అడగాల్సింది వేరే ఉంది. ఆ 60 మిల్లీలీటర్ల, 30 గ్రాముల మినహాయింపు పోవాలి. జాబితా తెలుగులో ఉండాలి. ‘పర్‌ఫ్యూమ్’ వెనక ఏముందో రాయాలి. శ్రీశైలం, మహానంది, ఒంటిమిట్ట గుళ్ళ ముందు అమ్మే కుంకుమను ఏటా పరీక్షించి ఆ ఫలితాలు అక్కడే గోడ మీద అతికించాలి. 2023 నవంబరులో మినమాటా ఒప్పందం దేశాలు సౌందర్య సాధనాల్లో పాదరసాన్ని 2025 నాటికి పూర్తిగా తొలగించాలని తీర్మానించాయి. ఆ ఒప్పందంలో మన దేశమూ ఉంది. ఆ మాట కడప బజారు దాకా వచ్చిందో లేదో ఎవరో చూడాలి.

సీమ ఆడవాళ్ళను చాలామంది చాలా వద్దన్నారు. పసుపు వద్దన్నారు, పువ్వు వద్దన్నారు, రంగు బట్ట వద్దన్నారు. ఇప్పుడు ఆరోగ్యం పేరుతో ఇంకొక వద్దు చేర్చడానికి నాకు మనసొప్పదు. ఒక్కసారి ఆ ‘వద్దు’ను కలిపేవాడికి చెప్పి చూద్దాం. రూపాయి పొట్లం కొనే మనిషి కూడా దాన్ని తిప్పి చూసి, తన భాషలో చదువుకుని, కావాలో వద్దో తానే అనుకోవాలి.